రోజూ పాలల్లో విటమిన్ డి ప్యాకెట్ కలిపి ఇచ్చాను, ఇప్పుడు అత్తగారికి వాంతులు. కారణం ఇదేనా?

ఖమ్మం_కోడలు
ఆదివారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం అండి. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మా అత్తగారికి 66 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులని సంక్రాంతి పండగైన వెంటనే ఎముకల డాక్టరుకి చూపించాం. రక్త పరీక్షలో విటమిన్ డి 11 వచ్చింది, బాగా తక్కువుంది అన్నారు. 60,000 యూనిట్ల పౌడర్ ప్యాకెట్లు, రోజుకి రెండు కాల్షియం మాత్రలు రాశారు. చీటీ మీద రాత నాకు అర్థం కాలేదు. మందుల షాపులో అబ్బాయి కవరు మీద పెన్నుతో "1 - పాలల్లో" అని రాసిచ్చాడు. అంతే రాశాడు. నేను రోజుకొకటి అనుకున్నా. రాత్రి అన్నం తిన్నాక గ్లాసు గోరువెచ్చని పాలల్లో ఒక ప్యాకెట్ చించి, చెంచాతో బాగా తిప్పి, నా చేతుల్తో నేనే ఇచ్చాను. మొదట్లో ఆవిడ కూడా "ఒంట్లో కాస్త ఓపిక వచ్చినట్టుందే" అన్నారు, దాంతో ఇంకా శ్రద్ధగా ఇచ్చాను. అయిపోతే మళ్ళీ తెచ్చాను. ఇవాళ బిల్లులన్నీ వెతికి లెక్కేస్తే ఇప్పటిదాకా 70 ప్యాకెట్లు తాగించాను.

ఇరవై రోజుల నుంచి ఆవిడ మనిషి మనిషిలా లేరు. అన్నం చూస్తేనే వికారం. రెండు మూడు రోజులకోసారి గానీ విరేచనం కావడం లేదు. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరదు, రాత్రి ఐదారుసార్లు బాత్రూమ్‌కి లేస్తున్నారు. షుగర్ వచ్చిందేమోనని పరీక్ష చేయిస్తే 112, ఏమీ లేదు. ఎండలు కదా, వయసు కదా అని సరిపెట్టుకున్నాం. నిన్నటి నుంచి వాంతులు. పగలంతా మత్తుగా పడుకునే ఉంటున్నారు. ఇవాళ మా బాబుని పట్టుకుని తన తమ్ముడి పేరుతో పిలిచారు, రెండుసార్లు.

సాయంత్రం ప్యాకెట్ల కోసం వేరే షాపుకి వెళ్ళాను. ఆయన "ఎవరికమ్మా ఇన్ని? ఇవి వారానికొకటి కదా వేసుకునేది" అన్నారు. గుండె జారిపోయింది. ఇంటికొచ్చి చీటీ మళ్ళీ చూస్తే ఆ గీతల్లో వారం అనే మాట ఉంది. తెలిసి చూస్తే కనపడుతోంది.

ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. మా ఆయన నైట్ షిఫ్ట్‌లో ఉన్నారు. వీటన్నిటికీ కారణం ఆ ప్యాకెట్లేనా? విటమిన్ ఎక్కువైతే ఇంత అవుతుందా? ఆపేస్తే దానంతటదే తగ్గుతుందా, హాస్పిటల్‌కి వెళ్ళాలా? దయచేసి ఎవరైనా చెప్పండి.

జై_బాలాజీ_88
రాత్రి 11:31

అక్కా టెన్షన్ పడకండి. విటమినే కదా, విషం కాదుగా. ఎక్కువైంది మూత్రంలో పోతుంది. మా నాన్న బీ కాంప్లెక్స్ పదేళ్ళ నుంచి వేసుకుంటున్నాడు, గుండ్రాయిలా ఉన్నాడు. ఇది ఎండదెబ్బ అయ్యుంటుంది. మజ్జిగ, రాగి జావ పట్టించండి, రెండ్రోజుల్లో లేచి కూర్చుంటారు.

డ్యూటీ_డాక్టర్
రాత్రి 11:44

అమ్మా, పై సలహా పక్కన పెట్టండి. నేను జనరల్ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాను. మీరు రాసినవన్నీ కలిపి చూస్తే (దాహం, మూత్రం, మలబద్ధకం, వాంతులు, మత్తు, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం) రక్తంలో కాల్షియం బాగా పెరిగిపోయిన మనిషి లక్షణాలే ఇవి. పరీక్ష చేయకుండా ఖాయంగా చెప్పలేను గానీ 70 ప్యాకెట్లు అన్నాక నేనైతే తెల్లారేదాకా ఆగను. మీ ఆయనకి ఇప్పుడే ఫోన్ చేసి, 24 గంటలూ ఎమర్జెన్సీ ఉండే హాస్పిటల్‌కి ఈ రాత్రే తీసుకెళ్ళండి. వెళ్ళగానే "విటమిన్ డి 60,000 ప్యాకెట్లు వారానికొకటి బదులు రోజుకొకటి చొప్పున 70 పడ్డాయి" అని అదే మొదటి మాటగా చెప్పండి. ఈ ఒక్క మాట చెప్పకపోతే వాళ్ళు గ్యాస్ట్రిక్ అనో, ముసలితనమనో, పక్షవాతమనో వెతుక్కుంటూ ఒక రోజు పోగొడతారు. చాలామంది విటమిన్‌ని మందుల లెక్కలో వేయరు, అడిగినా చెప్పరు.

రక్తంలో కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పేది, కిడ్నీ దెబ్బతింటే పెరుగుతుంది), సోడియం, పొటాషియం చూస్తారు, ఈసీజీ తీస్తారు. ఇవన్నీ గంట రెండు గంటల్లో వచ్చేస్తాయి. విటమిన్ డి రిపోర్టు రావడానికి ఒక్కోసారి రోజు పైనే పడుతుంది, దాని కోసం ఆగనక్కర్లేదు, ముందు చూడాల్సింది కాల్షియం.

ఈ రాత్రికి ప్యాకెట్ వద్దు, కాల్షియం మాత్రలూ వద్దు. పాలు, పెరుగు, మజ్జిగ, రాగి జావ ఏవీ పెట్టకండి. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, మామూలప్పుడు బంగారం లాంటి తిండే, ఇప్పుడు కాదు. మెలకువగా ఉండి మింగగలిగితే మంచినీళ్ళు గుక్క గుక్కగా పట్టండి.

ఇంకో రెండు సంగతులు. ఆవిడకి బీపీ మాత్ర ఉందా? ఉంటే ఆ పేరు చివర "హెచ్" అని ఉందేమో చూడండి. ఆ హెచ్ అంటే చాలావాటిలో హైడ్రోక్లోరోథయజైడ్, అది మూత్రంలో కాల్షియం బయటికి పోకుండా పట్టి ఉంచుతుంది. మీ అంతట మీరు మానిపించకండి, స్ట్రిప్ పట్టుకెళ్ళి డాక్టరుకి చూపించండి. రెండోది, ఆవిడకి తాంబూలం అలవాటుందా? సున్నం కూడా కాల్షియమే.

మిమ్మల్ని మీరు తిట్టుకోవడం తర్వాత. ముందు బయల్దేరండి.

ఖమ్మం_కోడలు
రాత్రి 11:52

బీపీ మాత్ర చివర హెచ్ ఉంది సార్. తాంబూలం రోజుకి నాలుగైదు సార్లు వేస్తారు. మా ఆయనకి చెప్పేశాను, ఆటో పిలుస్తున్నాం.

మెడికల్_షాప్_మావయ్య
సోమవారం, ఉదయం 7:05

రాత్రి చూడలేదమ్మా, పొద్దున్నే చూశాను. వెళ్ళారుగా, మంచి పని చేశారు.

ఇరవై రెండేళ్ళుగా కౌంటర్లో నిలబడుతున్నాను, కాబట్టి షాపు వైపు నుంచి చెప్తాను. ఈ 60,000 రకం ఉందే, ఇది మనవాళ్ళ అలవాటుకి పూర్తిగా అడ్డం తిరిగే మందు. మనకి మందంటే రోజూ వేసుకునేది, మానేస్తే తప్పు. వారానికొకటి వేసుకునే మందు ఇంట్లో వేరేది ఏముంటుంది చెప్పండి? బిళ్ళల రకం చాలావరకు నాలుగేసి ఉండే స్ట్రిప్‌లో వస్తుంది, నాలుగంటే నాలుగు వారాలకి. కొన్నవాళ్ళు నాలుగు రోజుల్లో మింగేసి "అయిపోయింది, ఇంకోటి ఇవ్వండి" అని వస్తారు. రద్దీలో ఉన్న కుర్రాడు ఇచ్చేస్తాడు. పౌడర్‌తో ఇంకా ప్రమాదం, పాలల్లో కలిపేది కాబట్టి హార్లిక్స్ లాగా అనిపిస్తుంది.

మా షాపులో నేను కవరు మీద అంకె రాయను, వారం పేరు రాస్తాను. "ఆదివారం ఒక్కటే" అని తెలుగులో, పెద్ద అక్షరాలతో. చదువు రాని ముసలివాళ్ళకైతే "సంత రోజున వేసుకో" అని చెప్తాను, ఎప్పుడూ తప్పలేదు. మీ కవరు మీద "1" అని రాసి వదిలేసిన కుర్రాడిది సగం తప్పు, రాత అర్థం కాకుండా గీసిన చీటీది మిగతా సగం. మీరు ఆ రాసినదాన్నే నమ్మారు.

పసిపిల్లల విషయంలో కూడా ఇదే గోల. వాళ్ళకి రోజుకి 400 యూనిట్లు పడేలా చుక్కల మందు రాస్తారు. ఇంట్లో పెద్దవాళ్ళ కోసం తెచ్చిన 60,000 చిన్న సీసా ఉంటుంది, 5 ఎంఎల్‌ది, చూడ్డానికి అదీ పిల్లల మందులాగే ముచ్చటగా ఉంటుంది. రెండూ ఒకే అలమరలో పెట్టకండి ఎవరూ.

ఖమ్మం_కోడలు
సోమవారం, మధ్యాహ్నం 2:40

అందరికీ దండాలు. రాత్రి ఒంటిగంటకి చేర్చుకున్నారు. కాల్షియం 14.2 ఉందన్నారు, 10.5 లోపు ఉండాలట. క్రియాటినిన్ 2.3. జనవరిలో మోకాళ్ళకి చూపించినప్పటి రిపోర్టులో 0.9 ఉంది. విటమిన్ డి ఇందాకే వచ్చింది, అంకె లేదు, "150 కంటే ఎక్కువ" అని మాత్రం ఉంది. మిషన్ అంతకి మించి చూపించదట.

రాత్రి నుంచి సెలైన్ ఎక్కుతూనే ఉంది. కాల్షియం తగ్గడానికి ఇంకో ఇంజెక్షన్ ఉంది, కిడ్నీ ఎలా ఉందో చూసుకుని ఇస్తామన్నారు. స్టెరాయిడ్ కూడా మొదలుపెట్టారు. విటమిన్‌కి స్టెరాయిడ్ ఏంటని మా ఆడపడుచు అడుగుతోంది. నిజానికి అడిగేది అది కాదు, నన్నే.

మా ఆయన ఏమీ అనలేదు. అనకపోవడమే కష్టంగా ఉంది.

డ్యూటీ_డాక్టర్
సోమవారం, సాయంత్రం 6:15

వెళ్ళిన వేళ మంచిది. మీ ఆడపడుచు గారికి అర్థమయ్యేలా చెప్తాను, ఆవిడకి ఇదే చూపించండి.

మనం విటమిన్ అంటాం గానీ డి ఒంట్లోకి వెళ్ళి చేసే పని హార్మోన్ పని. పేగులకి "తిండిలో ఉన్న కాల్షియాన్ని లాగు" అని చెప్తుంది. మోతాదు మరీ మించితే ఎముకల్లో దాచుకున్నది కూడా రక్తంలోకి దిగుతుంది. అంటే ఎముకలకి బలమని వేసుకున్న మందు ఎముకల్లోంచే తోడుతుందన్నమాట. ఇలా రక్తంలో కాల్షియం పెరిగేసరికి, నీటిని పట్టి ఉంచే పని కిడ్నీ సరిగ్గా చేయలేదు. అందుకే ఆ మూత్రం, ఆ దాహం. ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడి కాల్షియం ఇంకా పెరుగుతుంది, కిడ్నీ ఇంకా దెబ్బతింటుంది, అలా గిరగిరా తిరుగుతుంది. ఆ సుడి తెంచడానికే మొదటి మందు సెలైన్. పేగుల కదలిక మందగిస్తుంది కాబట్టి మలబద్ధకం. మెదడు మీద పడితే మత్తు, తికమక. బోరు నీళ్ళు కాచిన గిన్నెకి తెల్లగా పొర కడుతుంది చూశారా, ఎక్కువకాలం ఇలాగే సాగితే కిడ్నీలో కూడా ఆ మాదిరి కాల్షియం పేరుకునే ప్రమాదం ఉంది.

స్టెరాయిడ్ ఎందుకంటే అది పేగుల్లో విటమిన్ డి చేసే ఆ పనికి అడ్డం పడుతుంది. వేరే ఇంజెక్షన్ ఎముకల్లోంచి కాల్షియం కారిపోకుండా ఆపేది.

లెక్క చూడండి. పెద్దవాళ్ళకి రోజుకి 600 యూనిట్లు చాలని మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క. డాక్టరు పర్యవేక్షణ లేకుండా 4,000 దాటకూడదు. ఒక ప్యాకెట్ 60,000, అంటే వంద రోజుల అవసరం ఒక్క గ్లాసులో. మీ డాక్టరు రాసింది మామూలుగా రాసే పద్ధతే అయ్యుంటుంది, వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు, మొత్తం 4,80,000. లోటు పూడ్చడానికి అది సరిపోతుంది, సురక్షితం కూడా. ఆవిడకి పడింది 42 లక్షలు.

ఇది కొవ్వులో కరిగే రకం. ఒంట్లో దాక్కుంటుంది, మూత్రంలో పోదు. ఇవాళ ఆపినా దాని ప్రభావం వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది. కాబట్టి కాల్షియం తగ్గి ఇంటికి పంపాక మళ్ళీ పెరగొచ్చు, కొన్నాళ్ళు వారం వారం రక్త పరీక్ష తప్పదు. డిశ్చార్జ్ అవ్వగానే అయిపోయిందనుకోకండి, చాలామంది పొరపాటు పడేది అక్కడే.

ఇంకోటి, ఆవిడ విషయంలో మూడు నాలుగు కలిసొచ్చాయి. ప్యాకెట్లు, వాటితో పాటు రోజూ రెండు కాల్షియం మాత్రలు, హెచ్ ఉన్న బీపీ మాత్ర, తాంబూలంలో సున్నం. వీటిలో ఏ ఒక్కటి విడిగా ఉన్నా ఇంత దూరం వచ్చేది కాదేమో.

జై_బాలాజీ_88
సోమవారం, రాత్రి 8:02

అక్కా సారీ. నిజంగా సారీ. రాగి జావ అని రాశాను, ఇప్పుడు చదువుకుంటే సిగ్గేస్తోంది. తీసేద్దామనుకున్నా గానీ ఉంచుతున్నాను, నాలాగే అనుకునేవాళ్ళు కింద డాక్టరు గారు చెప్పింది కూడా చదువుతారని.

ఒక డౌట్ సార్. ఖమ్మం ఎండకి విటమిన్ డి కొరతేంటి అసలు? అక్కడ మే నెలలో రోడ్డు మీద ఆమ్లెట్ వేయొచ్చు. ఎండలో ఎక్కువ తిరిగితే కూడా ఇలా డి ఎక్కువైపోతుందా? ఇంకోటి, మా నాన్నకి ఏడాదికోసారి 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ వేయిస్తున్నాం, అది కూడా ఆపేయాలా?

డ్యూటీ_డాక్టర్
సోమవారం, రాత్రి 9:30

ఎండ వల్ల ఎప్పటికీ ఇలా కాదు. చర్మం తెలివైంది, కావలసినంత తయారయ్యాక మిగిలినదాన్ని పనికిరాని వేరే పదార్థాలుగా మార్చేస్తుంది. ఇక కొరత ఎందుకంటే, ఎండ ఉన్నంత మాత్రాన సరిపోదు, అది ఒంటికి తగలాలి కదా. మధ్యాహ్నం ఎండకి భయపడి తలుపులేసుకుని లోపలే ఉంటాం, బయటికొస్తే నిండా బట్ట, పైగా మన రంగు చర్మానికి ఎక్కువసేపు పడుతుంది.

ఇంజెక్షన్ సంగతి. ఆస్ట్రేలియాలో 70 దాటిన 2,256 మంది ఆడవాళ్ళ మీద చేసిన పరిశీలన 2010లో వచ్చింది. సగం మందికి ఏడాదికోసారి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చారు, ఎముకలు విరగడం తగ్గుతుందేమోనని. తీరా చూస్తే మందు పడినవాళ్ళే 15 శాతం ఎక్కువ సార్లు పడిపోయారు, 26 శాతం ఎక్కువగా ఎముకలు విరిగాయి. అందుకని ముసలివాళ్ళకి ఏడాది సరుకంతా ఒకేసారి కుమ్మరించడం నాకు నచ్చదు. మీ నాన్నగారికి అసలు ఎందుకు వేస్తున్నారో వేసే డాక్టరునే అడగండి. పరీక్ష చేసి వేస్తున్నారా, అలవాటుగా వేస్తున్నారా? ఏ జబ్బూ లేని పెద్దవాళ్ళకి ఊరికే విటమిన్ డి పరీక్ష చేయించొద్దని అమెరికా ఎండోక్రైన్ (హార్మోన్ల) డాక్టర్ల సంఘం 2024లో చెప్పింది. మన దగ్గర ఫుల్ బాడీ ప్యాకేజీలో అది తప్పకుండా ఉంటుంది, రిపోర్టులో ఎర్ర అక్షరాలు కనపడగానే మనిషి నేరుగా మందుల షాపుకి వెళ్తాడు.

గల్ఫ్_రాజన్న
మంగళవారం, ఉదయం 6:20

బాలాజీ తమ్ముడు బీ కాంప్లెక్స్ మూత్రంలో పోతుంది అన్నాడు కదా, నేను కూడా అదే అనుకుని మునిగిన. నాది జగిత్యాల దిక్కు, షార్జాలో ట్రక్కు నడుపుతా. రెండేళ్ళ కింద అరికాళ్ళల్లో తిమ్మిర్లు మొదలైనయ్. రూమ్‌లో ఒకాయన "నరాల బలహీనత, నరాల గోళీ వేస్కో" అన్నాడు. ఊరికి పోయిన దోస్తుతోటి డబ్బాలు తెప్పించుకున్న. ఒక గోళీ పొద్దున, ఒకటి రాత్రి, పైన ఇంకో మల్టీవిటమిన్. తిమ్మిర్లు తగ్గకపోతే గోళీ చాలట్లేదు అనుకుని ఇంకోటి పెంచిన. అట్ల ఎనిమిది నెలలు. ఆఖరికి ఎట్లయిందంటే బ్రేక్ మీద కాలు పెట్టిన్నో లేదో వంగి చూసుకోవాల్సి వచ్చింది. చీకట్లో నడిస్తే తూలుడు.

ఇక్కడి నరాల డాక్టర్ షుగర్ చూసిండు, బీ12 చూసిండు, అన్నీ మంచిగనే ఉన్నయ్. అప్పుడు అన్ని డబ్బాలు సంచిల తెమ్మన్నడు. టేబుల్ మీద వరుసగా పెట్టి, కళ్ళద్దాలు తీసి దగ్గరికి పట్టుకుని, పెన్నుతో ఒక్కొక్క దాని మీద ఒకే పేరు కింద గీత గీసిండు, పైరిడాక్సిన్ అని. అది బీ6 అట. ఒక్కో గోళీల 100 మిల్లీగ్రాములు. మనిషికి రోజుకి కావాల్సింది 2 మిల్లీగ్రాముల చుట్టుపక్కల అంట. "నీకు తిమ్మిరి తెచ్చింది ఇదే కావచ్చు, అన్నీ బంద్ చెయ్" అన్నడు. బంద్ చేసినంక కూడా కొన్ని వారాలు ఏం తేడా లేదు, ఆరేడు నెలలకు చాలా వరకు తగ్గింది. వేళ్ళ చివర్ల ఇంకా కొంచెం ఉంది. మొదటి తిమ్మిరి ఎందుకొచ్చిందో నాకు ఇప్పటికీ తెల్వదు, సీటుకే అట్ల గంటలు గంటలు కూసునుడు వల్ల కావచ్చు. దానికి వేసిన మందే దాన్ని పెంచింది.

డ్యూటీ_డాక్టర్
మంగళవారం, మధ్యాహ్నం 1:10

రాజన్న గారిది చాలా మందికి తెలియాల్సిన కథ. 1983లోనే అమెరికా డాక్టర్లు ఇలాంటి ఏడుగురి గురించి రాశారు. వాళ్ళు రోజుకి 2 నుంచి 6 గ్రాములు మింగారు, కొందరు సరిగ్గా నడవలేని స్థితికి వచ్చారు. తర్వాత తక్కువ మోతాదుతో కూడా, నెలల తరబడి వాడితే నరాలు దెబ్బతిన్న కేసులు వచ్చాయి. అమెరికాలో పైహద్దు 100 మిల్లీగ్రాములు, ఐరోపా వాళ్ళు 2023లో 12కి దించారు. చిక్కేంటంటే నరాల మాత్ర, బీ కాంప్లెక్స్, మల్టీవిటమిన్, ఎనర్జీ డ్రింక్ అన్నిట్లోనూ ఇది ఉంటుంది, విడివిడిగా చూస్తే ఏదీ ఎక్కువనిపించదు. అన్ని డబ్బాలూ ఒక టేబుల్ మీద పెట్టిన ఆ డాక్టరు చేసిందే సరైన వైద్యం.

ల్యాబ్_గుంటూరు
మంగళవారం, సాయంత్రం 5:48

ల్యాబ్ వాళ్ళ బాధ ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. జుట్టు కోసం బయోటిన్ (ఇదీ ఒక బీ విటమినే) గమ్మీలు తినేవాళ్ళు దయచేసి రక్తం తీసేటప్పుడు ఆ మాట చెప్పండి. 10,000 మైక్రోగ్రాములు అని డబ్బా మీద గొప్పగా రాస్తారు, మనిషికి రోజుకి కావలసింది 30, 40 మైక్రోగ్రాములు. అది ఒంటికి చెడు చేయడం సంగతి అటుంచి, కొన్ని మిషన్లలో రిపోర్టునే తారుమారు చేస్తుంది. మా దగ్గరికి వచ్చిన ఒక ఇంజనీరింగ్ అమ్మాయికి థైరాయిడ్ విపరీతంగా ఎక్కువున్నట్టు చూపించింది, పిల్ల చూస్తే నిక్షేపంలా ఉంది. అడగ్గా అడగ్గా గమ్మీలని చెప్పింది. మాన్పించి నాలుగో రోజు మళ్ళీ తీస్తే నార్మల్. గుండెపోటు తెలుసుకోవడానికి చేసే ట్రోపోనిన్‌ని కూడా తప్పుగా తక్కువ చూపించగలదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. జుట్టు ఊడితే మళ్ళీ వస్తుంది.

ఖమ్మం_కోడలు
తొమ్మిది రోజుల తర్వాత, బుధవారం, రాత్రి 10:15

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. సోమవారం డిశ్చార్జ్ చేశారు. నాలుగో రోజుకి కాల్షియం 12లోకి వచ్చింది, ఇంటికి పంపే రోజు 10.9. క్రియాటినిన్ 1.5. డయాలసిస్ దాకా వెళ్ళలేదు, కానీ కిడ్నీ పూర్తిగా మామూలైందా లేదా ఇప్పుడే చెప్పలేమన్నారు. బీపీ మాత్ర మార్చారు, హెచ్ లేనిది ఇచ్చారు. స్టెరాయిడ్ మెల్లగా తగ్గిస్తారట, అంతవరకు షుగర్ చూస్తూ ఉండాలి.

మూడో రోజు పొద్దున ఆవిడకి పూర్తిగా తెలివొచ్చింది. నేను మంచం పక్కన కూర్చుని ఉన్నా. ఎలాగూ ఎవరో ఒకరు చెప్తారు, నా నోటితో నేనే చెప్దామని మొత్తం చెప్పేశాను, ప్యాకెట్లు, లెక్క, అన్నీ. ఆవిడ కాసేపు నోరు మెదపలేదు. తర్వాత "రోజూ తాగేటప్పుడు ఇదేంటే రోజూ, అని నేను మాత్రం అడిగానా" అన్నారు. ఇంకాసేపాగి "ఆ పాలు మాత్రం బాగుండేవి, చక్కెర సరిగ్గా వేసేదానివి" అన్నారు. నాకు ఏడుపొచ్చింది, ఆవిడ నర్సుని పిలిచి నాకు టీ తెప్పించమన్నారు.

ఇప్పుడు ఇంట్లో గొడవంతా పెరుగన్నం గురించే. నెల రోజులు పాలూ పెరుగూ తగ్గించమన్నారు. చారన్నంతో భోజనం ముగించడం తన పుట్టిబుద్ధెరిగి లేదట. తాంబూలం సున్నం లేకుండా కట్టిస్తే రంగు రాలేదని ఉమ్మేశారు. అంత ఓపిక వచ్చిందని సంతోషించాను.

మందుల షాపు మావయ్య గారూ, మీకొక ప్రశ్న. అలమరలో ఇంకా 11 ప్యాకెట్లు మిగిలాయి. వాటిని చూస్తేనే కడుపులో తిప్పుతోంది. షాపులో వెనక్కి తీసుకుంటారా? మా పక్కింటావిడ తనకి మోకాళ్ళ నొప్పులున్నాయి, పారేయకు నాకిచ్చెయ్ అంటోంది.

మెడికల్_షాప్_మావయ్య
గురువారం, ఉదయం 7:12

పక్కింటావిడకి మాత్రం ఇవ్వకు తల్లీ. ఆవిడకి కావాలంటే ఆవిడ డాక్టరు రాస్తాడు.

బిల్లు ఉండి, అట్ట పెట్టె చినక్కుండా ఉంటే కొన్న షాపు వాళ్ళు తీసుకోవచ్చు, అడిగి చూడు. తీసుకోకపోతే 11 ప్యాకెట్లూ కత్తెరతో కత్తిరించి, ఆ పొడిని వాడేసిన టీ పొడిలో కలిపి, కవరులో మూట కట్టి చెత్తబండిలో వెయ్యి. అలాగే పారేస్తే ఏ పిల్లాడో ఏరుకుని గ్లూకోజ్ అనుకుంటాడు. చీటీ, కవరు మాత్రం పారేయకు, వచ్చే వారం డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఫైల్లో పెట్టుకుని వెళ్ళు.